గడ్డిమేటులో ఉడుకు, బ్యాటరీలో నిప్పు

గోదావరి పాపికొండలను దాటి మైదానంలోకి దిగి వెడల్పయ్యే చోట, నది నడుమ ఒక చిన్న కొండ ఉన్నది. ఆ కొండ మీద వీరభద్రస్వామి ఆలయం ఉన్నది. అదే పట్టిసీమ క్షేత్రం. పోలవరం మండలంలోని పట్టిసీమ రేవులో భక్తులు పడవ ఎక్కి, నీరు తగ్గిన రోజుల్లో ఇసుకతిన్నెల మీద కొంత దూరం నడిచి, కొండను చేరుకుంటారు. మహాశివరాత్రి నాడు ఆ రేవులో ఇసుక వేస్తే రాలదు.

పడవలో కూర్చున్నవారు తమతో ఏమేమి తీసుకుపోతున్నారో ఒక్కసారి లెక్క వేస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కొబ్బరికాయ లేనివారు ఉండవచ్చును గాని, సెల్‌ఫోను లేనివారు అరుదు. కొందరి సంచుల్లో పవర్ బ్యాంకులు కూడా ఉంటాయి. రేవు గట్టున నిలిపిన బండ్లలో పెట్రోలు వాసన ఎరుగని విద్యుత్ స్కూటర్లు కూడా కనిపిస్తున్నాయి. వీటన్నిటిలోనూ ఉన్న శక్తి భాండాగారం ఒకటే. దాని పేరు లిథియం అయాను బ్యాటరీ.

ఈ బ్యాటరీ మేలైనది. బరువు తక్కువ, సత్తువ ఎక్కువ. కోట్లకొలది బ్యాటరీలు ఏ తంటా లేకుండా పనిచేసి, ముసలివై మూలపడుతున్నాయి. అయితే నూటికో కోటికో ఒకటి అంటుకున్నప్పుడు ఆ నిప్పు మనం ఎరిగిన నిప్పులా ఉండదు. పాత నిప్పుకు నేర్చుకున్న ఉపాయం దీనికి సరిపోదు. ఎందుకు సరిపోదో తెలిసినవారు ఇంటిని, ప్రాణాన్ని కాపాడుకోగలరు.

నిప్పుకు మూడు కాళ్ళు

గోదావరి తీరంలోని పల్లెలకు నిప్పు కొత్తది కాదు. తాటాకు ఇల్లు అంటుకుంటే పక్క ఇంటి చూరు పీకివేయడం, కుండలతో నీళ్ళు అందుకొని పోయడం తాతల నాటి నుంచి తెలిసిన విద్య. మూకుడులో నూనె మండితే నీళ్ళు పోయక మూత వేస్తారు. కిరసనాయిలు ఒలికి మండితే ఇసుక చల్లుతారు, లేదా తడి గోనె కప్పుతారు.

ఈ ఉపాయాలు వేర్వేరుగా కనిపించినా వీటి వెనుక సూత్రం ఒక్కటే. నిప్పు మూడు కాళ్ళ పీట వంటిది. మండే పదార్థం ఒక కాలు, వేడి ఇంకొక కాలు, గాలిలోని ఆమ్లజని, అనగా ఆక్సిజన్, మూడవ కాలు. ఏ ఒక్క కాలు తీసివేసినా పీట పడిపోతుంది. చూరు పీకడం మండే పదార్థాన్ని తీసివేయడం. నీళ్ళు పోయడం వేడిని తీసివేయడం. మూత, ఇసుక, గోనె ఆమ్లజనిని అందకుండా చేయడం.

లిథియం బ్యాటరీ విషయంలో మొదటి కాలు, మూడవ కాలు మన చేతికి అందవు. మండే పదార్థం మూసిన డబ్బా లోపల ఉన్నది. వేడి పుట్టడానికి బయటి గాలి అక్కరలేదు. మూత వేసినా, ఇసుక పోసినా లోపలి పని లోపల సాగుతూనే ఉంటుంది. మిగిలినది ఒక్కటే, వేడి. ఈ ఒక్క కాలిని పట్టుకొనే మనం పీటను పడగొట్టాలి. ఆ వేడి సంగతి తెలుసుకోవడానికి రైతు గడ్డిమేటు మంచి ఉదాహరణ.

గడ్డిమేటు చెప్పే పాఠం

కోతల సమయంలో తుపాను వాన పడి గడ్డి తడిసినప్పుడు, అనుభవమున్న రైతు దానిని అలాగే మేటు వేయడు. ఎండబెట్టి, తిరగవేసి, ఆరిన తరువాతనే వేస్తాడు. తడి గడ్డి మేటు వేస్తే లోపల ఉడుకు పుడుతుందని అతనికి తెలుసును. తడిలో సూక్ష్మజీవులు పెరిగి గడ్డిని తింటాయి. ఆ పనిలో వేడి పుడుతుంది. మేటు చిన్నదైతే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మేటు పెద్దదైతే నడిమి వేడికి బయటికి వచ్చే దారి ఉండదు. ఇంచుమించు 70 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కాని అప్పటికే వేడెక్కిన గడ్డి రసాయనికంగా ఆమ్లజనితో కలవడం మొదలవుతుంది. దాని వల్ల ఇంకా వేడి పుడుతుంది. వేడి పెరిగిన కొద్దీ ఆ కలయిక వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. చివరికి ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే, మేటు వేసిన కొన్ని వారాలకు, నడిమి నుంచి పొగ లేస్తుంది.

ఇందులో రహస్యం జమాఖర్చు వంటిది. పుట్టే వేడి జమ, బయటికి పోయే వేడి ఖర్చు. జమ కంటే ఖర్చు ఎక్కువగా ఉన్నంత కాలం భయం లేదు. జమ ఖర్చును మించిన క్షణం నుంచి వేడి తనను తానే పెంచుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఉష్ణ విజృంభణం అనవచ్చునని చెబుతారు. లిథియం బ్యాటరీ అంటుకోవడం అంటే సరిగా ఇదే. తేడా ఒక్కటి. గడ్డిమేటులో వారాలు పట్టే పని, బ్యాటరీలో చివరి దశకు చేరిన తరువాత సెకండ్లలో ముగుస్తుంది.

డబ్బాలో ఏమున్నది?

ఇంగ్లండులో పుట్టిన స్టాన్లీ విట్టింగ్‌హామ్ 1970 తరువాతి సంవత్సరాలలో లిథియంతో నడిచే ఘటానికి పునాది వేశాడు. 1980లో జాన్ గుడ్‌ఇనఫ్ కోబాల్టు ఆక్సైడు పదార్థాన్ని కనుగొని దాని బలం పెంచాడు. 1985లో జపాను శాస్త్రజ్ఞుడు అకీరా యోషినో, ప్రమాదకరమైన లోహపు లిథియానికి బదులు బొగ్గు జాతి పదార్థాన్ని వాడి, నిత్యవ్యవహారానికి పనికివచ్చే ఘటాన్ని తయారుచేశాడు. 1991లో సోనీ కంపెనీ దానిని బజారుకు తెచ్చింది. 2019లో ఈ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

ఘటంలో రెండు ఫలకాలు ఉంటాయి. రాగి రేకు మీద గ్రాఫైటు పూసినది ఋణఫలకం. అల్యూమినియం రేకు మీద కోబాల్టు, నికెలు, మాంగనీసు వంటి లోహాల ఆక్సైడు పూసినది ధనఫలకం. రెండింటి నడుమ ప్లాస్టిక్కు అడ్డుపొర ఒకటి ఉంటుంది. దాని మందం ఇంచుమించు 20 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో యాభయ్యవ వంతు. మన తల వెంట్రుక దాని కంటే లావు. ఈ మూడింటినీ చాప చుట్టినట్లు చుట్టి డబ్బాలో పెట్టి, లిథియం లవణం కరిగిన ఒక ద్రవంతో తడుపుతారు. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ధనఫలకం నుంచి ఋణఫలకానికి పోతాయి. వాడేటప్పుడు తిరిగి వస్తాయి. పట్టిసీమ పడవ రేవుకూ కొండకూ మధ్య తిరిగినట్లు, ఈ అయాన్లు ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ తిరుగుతూ ఉంటాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, మోటారు బండిలోని పాత సీసపు బ్యాటరీలో నీరు కలిసిన ఆమ్లం ఉంటుంది. అది మండదు. లిథియం ఘటంలోని ద్రవం పెట్రోలు వలె మండే జాతిది. నీరు ఈ ఘటం ఒత్తిడికి తట్టుకోలేదు గనుక మండే ద్రవాన్ని వాడవలసి వచ్చింది. రెండవది, ధనఫలకంలోని ఆక్సైడు అంటే ఆమ్లజనిని కట్టిపెట్టుకున్న పదార్థం. కట్టు తెగితే ఆ ఆమ్లజని బయటపడుతుంది. మండేదీ, మండించేదీ ఒకే డబ్బాలో, వెంట్రుక మందం లేని పొరకు చెరొక వైపున కాపురం చేస్తున్నాయన్న మాట.

నాలుగు మెట్లు

ఘటం ఏ కారణం వల్లనైనా వేడెక్కితే జరిగే పని మెట్టుమెట్టుగా సాగుతుంది. 80 నుంచి 120 డిగ్రీల మధ్య, ఋణఫలకం మీద సహజంగా ఏర్పడిన ఒక రక్షక పొర విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది. ఇది మొదటి మెట్టు. ఇంచుమించు 130 డిగ్రీల వద్ద అడ్డుపొరలోని పాలిథీన్ కరగడం మొదలవుతుంది. పొర ముడుచుకుపోయి రెండు ఫలకాలు తాకితే లోపలే షార్టు సర్క్యూటు ఏర్పడి, దాచిన విద్యుత్తు అంతా వేడిగా మారుతుంది. ఇది రెండవ మెట్టు. పదార్థం రకాన్ని బట్టి 200 డిగ్రీలు, ఆ పైన ధనఫలకం తన ఆమ్లజనిని విడుస్తుంది. ఇది మూడవ మెట్టు. ద్రవం ఆవిరై, ఒత్తిడి పెరిగి, డబ్బా పగిలి, ఆవిరులు బుసకొట్టుతూ బయటికి వచ్చి అంటుకుంటాయి. ఇది నాలుగవది. అప్పటికి ఘటం లోపలి వేడి 500 డిగ్రీలు దాటి ఉండవచ్చును.

బయటికి వచ్చే ఆవిరులలో ఉదజని, కార్బన్ మోనాక్సైడు, మండే ఇతర వాయువులు ఉంటాయి. ద్రవంలోని లవణం నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడు అనే విషవాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను, కళ్ళను దెబ్బతీస్తుంది. కాబట్టి బ్యాటరీ నుంచి తెల్లని పొగ వస్తున్నప్పుడు అది ఆవిరి కదా అని దగ్గరికి వంగి చూడడం చాలా పొరపాటు. ఆ పొగ విషమూ, మండేదీ కూడా. మూసిన గదిలో నిండితే ఒక్క నిప్పురవ్వకు పేలిపోగలదు.

విద్యుత్ స్కూటరు బ్యాటరీలో ఇటువంటి ఘటాలు వందలకొలది ఉంటాయి. సాధారణంగా వాడే ఒక రకం 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. 2 యూనిట్ల విద్యుత్తు పట్టే బ్యాటరీలో అలాంటివి ఇంచుమించు 200 కావాలి. ఒకటి అంటుకుంటే పక్కదానిని కాలుస్తుంది. అది దాని పక్కదానిని కాలుస్తుంది. టపాకాయల జడ పేలినట్లు వరుసగా పేలడం అందుకే. ఆ 2 యూనిట్ల విద్యుత్తు ఎంతటిదో గృహిణికి అర్థమయ్యేటట్లు చెప్పవచ్చును. 30 డిగ్రీల వేడిమిలో ఉన్న 24 లీటర్ల నీటిని మరిగే వరకు కాచడానికి అది చాలును. ఇది దాచిన విద్యుత్తు మాత్రమే. ద్రవం, ప్లాస్టిక్కు మండితే వచ్చే వేడి దీనికి అదనం.

మొదటి వేడి ఎక్కడిది?

గడ్డిమేటుకు తడి కారణమైనట్లు, ఘటానికి మొదటి వేడి తెచ్చే కారణాలు కొన్ని ఉన్నాయి.

దెబ్బ తగలడం ఒకటి. బ్యాటరీ కింద పడి, నలిగి, మేకు గుచ్చుకుంటే అడ్డుపొర చిరుగుతుంది. అతిగా ఛార్జి చేయడం ఇంకొకటి. సాధారణమైన ఘటం నిండినప్పుడు 4.2 ఓల్టులు చూపుతుంది. అంతకు మించి నింపితే అయాన్లు గ్రాఫైటులో చోటు చాలక, దాని మీద లోహపు లిథియంగా పేరుకుంటాయి. ఆ లోహం సూదుల వలె మొలిచి పొరను గుచ్చుతుంది. తన జోడు కాని ఛార్జరుతో వేగంగా నింపినా ఇదే ఆపద. పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీలో రాగి రేకు కరిగి, మళ్ళీ ఛార్జి చేసేటప్పుడు అక్కడక్కడ పేరుకొని షార్టు సర్క్యూటు చేయగలదు. గోదావరి జిల్లాల వేసవిలో 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. ఆ ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగుకు పెడితే, జమ అప్పటికే పెరిగి ఉన్నదన్న మాట.

తయారీ లోపం అన్నిటి కంటే గడుసైనది. అది కంటికి కనబడదు. 2013 జనవరిలో అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలో నిలిచి ఉన్న బోయింగ్ 787 విమానం బ్యాటరీ కాలింది. కొద్ది రోజులకే జపానులో మరొక విమానం బ్యాటరీ పొగ చిమ్మింది. ప్రపంచమంతటా ఆ జాతి విమానాలు నేల మీద నిలిచిపోయాయి. వాటిలో ఎయిరిండియావి కూడా ఉన్నాయి. 2016లో శాంసంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 ఫోన్లను లక్షలకొలది వెనక్కు తీసుకొని, చివరికి ఆ ఫోను తయారీనే మానివేసింది. ఆ ఫోను బ్యాటరీలలో ఒక రకానికి మూలలో ఫలకం వంగడం, మరొక రకానికి అతుకు దగ్గర లోహపు ముళ్ళు మిగలడం లోపాలుగా తేలాయి.

తెలుగునాట నేర్చిన పాఠం

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో రాత్రివేళ ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, 80 సంవత్సరాల వృద్ధుడు మరణించాడు. కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి గృహస్థు ప్రాణం పోయింది. భార్య, పిల్లలు గాయపడ్డారు. అదే సంవత్సరం సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన వసతిగృహం ఉన్న భవనంలో నిప్పు పుట్టింది. పొగ మెట్లదారి వెంట పై అంతస్తులకు పాకి 8 మంది చనిపోయారు.

ఈ మూడు సంఘటనలలో ఉమ్మడి అంశాలు ఉన్నాయి. అన్నీ రాత్రి జరిగినవి. నిప్పు పుట్టిన చోటు మనుషులు నిద్రించే చోటుకు పక్కన గాని, కింద గాని ఉన్నది. 

ఆ సంవత్సరం జరిగిన ప్రమాదాల తరువాత కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ నిపుణుల సంఘాన్ని నియమించింది. దానికి హైదరాబాదులోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ డైరెక్టరు టాటా నర్సింగరావు అధ్యక్షుడు. విశాఖపట్నంలోని నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞుడు కూడా అందులో సభ్యుడు. వారి సూచనల మేరకు ఏఐఎస్ 156 అనే ప్రమాణాన్ని కట్టుదిట్టం చేశారు. అది 2022 డిసెంబరు 1 నుంచి కొంత, 2023 మార్చి 31 నుంచి మిగిలినది అమలులోకి వచ్చింది. ఘటాల మధ్య ఎడం ఉండాలని, ఒత్తిడి బయటికి పోయే దారి ఉండాలని, వేడి పెరిగితే హెచ్చరిక వినిపించాలని, నిండిన తరువాత ఛార్జింగు తనంతట తానే ఆగాలని అందులోని ముఖ్య నియమాలు. గడ్డిమేటు భాషలో చెప్పాలంటే ఇవన్నీ జమ తగ్గించి, ఖర్చు పెంచే ఏర్పాట్లే.

అయితే నియమానికి ముందు అమ్మిన బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. పాత ఘటాలు ఏరి ఎక్కడో అతికి తక్కువ ధరకు అమ్మే బ్యాటరీలకు ఈ ప్రమాణం కాపలా కాయదు.

దారికి అడ్డం

నది మీద తిరిగేవారికి ఒక సంగతి బాగా తెలుసును. నేల మీద నిప్పు పుడితే పరుగెత్తవచ్చును. పడవలో పుడితే పరుగెత్తడానికి చోటు లేదు. 2018 మే నెలలో పాపికొండల విహారానికి పోతున్న పడవ దేవీపట్నం మండలంలో మంటల్లో చిక్కుకున్నది. దానిని ఒడ్డుకు చేర్చగలిగారు గనుక ప్రయాణికులు బతికారు. అది బ్యాటరీ వల్ల జరిగిందని కాదు. ఒడ్డు ఎంత దూరంలో ఉన్నదన్నదే ప్రాణానికి ముఖ్యమని అది చెబుతున్నది.

2019 సెప్టెంబరు 2న అమెరికాలో కాలిఫోర్నియా తీరాన కన్సెప్షన్ అనే పడవ తెల్లవారుజామున కాలిపోయింది. కింది గదిలో నిద్రిస్తున్న 34 మంది చనిపోయారు. పై గదిలో ఫోన్లు, కెమెరాలు, దీపాల బ్యాటరీలు రాత్రంతా ఛార్జింగులో ఉన్నాయి. పడవ పూర్తిగా కాలిపోయినందున నిప్పుకు మూలం ఇదేనని విచారణ సంఘం నిర్ధారించలేకపోయింది. కాని ఒక సంగతిని గట్టిగా చెప్పింది. కింది గది నుంచి బయటపడే దారులు రెండు ఉన్నా, రెండూ ఆ మండే గదిలోకే తెరుచుకున్నాయి. రాత్రి కాపలా తిరిగేవారు కూడా లేరు.

మన ఇళ్ళకు ఇది బాగా వర్తిస్తుంది. స్కూటరును వీధి తలుపు పక్కన, మెట్ల కింద, వసారాలో పెట్టి ఛార్జి చేయడం వాడుక. అక్కడే ప్లగ్గు ఉంటుంది, అక్కడే నీడ ఉంటుంది. కాని ఇంటిల్లిపాదీ బయటపడవలసిన దారి కూడా అదే. నిప్పు అక్కడ పుడితే తలుపు ఉన్నా లేనట్లే. బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు సమాధానం చాలా తేలిక. అది అంటుకున్నా మనం బయటికి నడిచి పోగలిగే చోట పెట్టాలి.

నీళ్ళు పోయవచ్చునా?

బడిలో సోడియం ముక్కను నీటిలో వేస్తే భగ్గున మండడం చూసినవారికి, లిథియం కూడా ఆ కుటుంబానిదే గనుక నీళ్ళు పోయరాదని అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం లోహపు లిథియం విషయంలో సబబే. లిథియం అయాను ఘటంలో లిథియం లోహంగా కాక, ఇతర పదార్థాలలో ఇమిడిన అయాన్లుగా ఉంటుంది. నీటితో వచ్చే ప్రతిక్రియ స్వల్పం. నీరు చేసే మేలు అపారం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి తీసుకుపోయే వేడి, అదే నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే వరకు కాచే వేడికి ఏడు రెట్ల కంటే ఎక్కువ. ఖర్చు పద్దు పెంచడానికి నీటికి మించిన సాధనం లేదు. అందువల్లనే అగ్నిమాపక దళాలు ఈ నిప్పుకు నీటినే వాడుతున్నాయి. కాని చెంబుతో చల్లితే చాలదు. ధారగా, చాలాసేపు పోయాలి.

పొడి చల్లే సాధనాలు, బొగ్గుపులుసు వాయువు సిలిండర్లు పైమంటను ఆర్పవచ్చును. లోపలి ఉడుకును తీయలేవు. పైమంట ఆరి లోపల ఉడుకు మిగిలితే, విషవాయువులు మండకుండా గదిలో నిండుతాయి. కొన్ని గంటలకో, కొన్ని రోజులకో మళ్ళీ అంటుకోవచ్చును కూడా. అగ్గి మిగులు, అప్పు మిగులు ఉంచరాదని పెద్దలు చెప్పిన మాట దీనికి అక్షరాలా తగును. కాలిన బ్యాటరీని ఇంట్లోకి తీసుకురాక, గోడకు, గడ్డికి దూరంగా ఆరుబయట ఉంచాలి.

ఫోను వంటి చిన్న వస్తువు అయితే, ప్లగ్గు తీయడానికి వీలుంటే తీసి, దూరంగా నిలిచి నీళ్ళు పోయవచ్చును. దానిని చేత్తో పట్టుకోరాదు. స్కూటరు బ్యాటరీ అయితే సామాన్యులు దానితో పోరాడరాదు. అందరినీ లేపి, బయటికి పంపి, వెళ్ళేటప్పుడు ఆ గది తలుపు మూసి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. దారిలో ఉండి, ప్రమాదం లేకుండా అందితేనే మెయిన్ స్విచ్చి ఆపాలి. బండి కోసం వెనక్కి పోరాదు.

వరద తాకిన బ్యాటరీ

2022 జూలైలో గోదావరి వరద భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. పోలవరం పరిసరాల పల్లెలు అనేకం మునిగాయి. అటువంటి వరదలో స్కూటరు మునిగితే, నీరు తీసిన తరువాత తుడిచి ఛార్జింగుకు పెట్టడం సహజంగా తోచే పని. అది ప్రమాదకరమైన పని. బ్యాటరీలోకి చొరబడిన నీరు, బురద అతుకులను తుప్పు పట్టించి, విద్యుత్తుకు దొంగదారులు వేస్తాయి. సముద్రపు ఉప్పునీరు అయితే ఇంకా చేటు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో తుపాను ఉప్పెనకు మునిగిన విద్యుత్ కార్లు కొన్ని, నీరు తగ్గిన తరువాతి రోజులలో అంటుకున్నాయి. డెల్టా చివరనున్న తీర గ్రామాలు ఇది గుర్తుంచుకోదగినది. వరద తాకిన బ్యాటరీని ఇంటికి దూరంగా ఉంచి, కంపెనీవారికి చూపించిన తరువాతనే వాడాలి.

రకాలలో తేడా

అన్ని లిథియం ఘటాలూ ఒక స్వభావానివి కావు. ధనఫలకంలో ఇనుము, భాస్వరం గల ఫాస్ఫేటు వాడినవి కొన్ని ఉన్నాయి. ఇవి ఆమ్లజనిని గట్టిగా పట్టుకుంటాయి గనుక చాలా ఎక్కువ వేడికి గాని లొంగవు. బరువు కొంచెం ఎక్కువ. కొత్త స్కూటర్లలో, ఆటోలలో, ఇంటి ఇన్వర్టర్లలో వీటి వాడుక పెరుగుతున్నది. వీటిలోనూ మండే ద్రవమే ఉన్నది కాబట్టి అసలు అంటుకోవనడం తప్పు. కష్టం మీద అంటుకుంటాయనడం ఒప్పు.

నింపిన మేరను బట్టి కూడా తేడా ఉన్నది. నిండుగా ఉన్న ఘటం ఉధృతంగా మండుతుంది. సగం నిండినది అంతగా మండదు. అందుకే 2016 ఏప్రిల్ నుంచి విమానంలో సరుకుగా పంపే విడి లిథియం అయాను బ్యాటరీలు 30 శాతానికి మించి నింపి ఉండరాదని అంతర్జాతీయ నియమం చేశారు. పవర్ బ్యాంకును సరుకు అరలో పెట్టనీయక, ప్రయాణికుని చేతిసంచిలోనే ఉంచుకోమనడం కూడా ఇందుకే. కంటి ఎదుట అంటుకుంటే ఆర్పేవారు ఉంటారు. సరుకు అరలో అంటుకుంటే ఎవరికీ తెలియదు.

ఇంటిలో పాటించవలసినవి

బ్యాటరీతో వచ్చిన ఛార్జరునే వాడాలి. అది పాడైతే అదే కంపెనీది, అదే కొలతలది కొనాలి. ఎండలో తిరిగిన బండిని కొంతసేపు నీడలో చల్లార్చి ఛార్జింగుకు పెట్టాలి. అందరూ నిద్రపోయే వేళ కాక, ఎవరో ఒకరు మేలుకొని ఉన్న వేళ ఆ పని చేయాలి. పరుపు మీద, తలగడ కింద ఫోను పెట్టి ఛార్జి చేయరాదు. పరుపు వేడిని బయటికి పోనీయదు. బ్యాటరీ పక్కన గడ్డి, గోనెలు, గ్యాసు బండ ఉంచరాదు. చాలాకాలం వాడని బ్యాటరీని సగం నింపి, చల్లని చోట దాచాలి. పాడైనదానిని చెత్తకుప్పలో పారవేయరాదు. చెత్తబండిలో అది నలిగి అంటుకోగలదు. పాత బ్యాటరీలను తిరిగి తీసుకొనే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారుల మీద ఉంచాయి.

చివరిగా, బ్యాటరీ చెప్పే ముందుమాటలు వినాలి. పొట్ట ఉబ్బడం, చేయి పెట్టలేనంత వేడెక్కడం, తియ్యని ఘాటు వాసన రావడం, బుస్సుమన్న చప్పుడు, ఛార్జి చప్పున పడిపోవడం మంచి సూచనలు కావు. ఉబ్బిన బ్యాటరీలో గాలి చేరింది, అనగా లోపల ఏదో విచ్ఛిన్నం అవుతున్నది. దానిని నొక్కడం, సూదితో గుచ్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బుస వినిపించిన తరువాత మాత్రం ఆలోచనకు వ్యవధి ఉండదు. అప్పుడు చేయవలసినది బయటికి నడవడం ఒక్కటే.

గడ్డిమేటు వేసిన రైతు దానిని చూసి భయపడడు. వాన పడిన సంవత్సరం మాత్రం, ఉదయం లేవగానే మేటు దగ్గరికి పోయి గడ్డిలోకి చేయి జొనిపి చూస్తాడు. వెచ్చగా తగిలితే మేటు విప్పి ఆరబోస్తాడు. అది గాదెలను, పశువులను, ఊరిని కాపాడిన అలవాటు. ఈనాడు ప్రతి ఇంటిలోనూ చిన్న చిన్న మేటులు చేరాయి. అవి గడ్డివి కావు, లిథియానివి. ఛార్జింగులో ఉన్న బండి దగ్గరికి పడుకోబోయే ముందు ఒకసారి పోయి, బ్యాటరీ డబ్బా మీద చేయి ఆనించి చూసి, ప్లగ్గు తీసి రావడం పెద్ద పని కాదు. ఆ కొద్ది శ్రమతో నిద్ర నిశ్చింతగా పడుతుంది.